లోయపట్నం మ్యాపులో ఎరుపు, పసుపు

బళ్ళారిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు పోయినేడు నన్ను పిలిచి, చివరి సంవత్సరం పిల్లలతో నా ఉద్యోగం గురించి కాసేపు మాట్లాడమన్నారు. భూకంపం వచ్చినప్పుడు కొన్నిచోట్ల నేల ఎలా నీరైపోతుందో చెప్పాను, బొమ్మలు చూపించాను. అంతా అయ్యాక వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచి, "మేడమ్, మన కడ భూకంపాలు రావు గదా. మీరు ఇన్నేండ్లు ఏం పని చేసినారు?" అని అడిగింది. పిల్లలు నవ్వారు. ఆ అమ్మాయి ఎగతాళికి అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నేను ఏదో చెప్పి కూర్చున్నాను. ఇంటికి వచ్చాక ఆ జవాబు నాకే నచ్చలేదు.

అందుకని ఇది రాస్తున్నాను. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు చదవాలని. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఏ సభలో ఎవరు శాలువా కప్పారు అన్నవి మీకు అక్కర్లేదు. వాటి గురించి రాసే ఓపిక నాకూ లేదు. ఒక్క ఊరి సంగతి చెబుతాను. మిగతా ఊళ్ళన్నీ ఇంచుమించు దానిలాంటివే.

తడి ఇసుక

మాది హచ్చొళ్ళి దగ్గర క్యాంపు, అంటే కోస్తా రైతులు వచ్చి స్థిరపడ్డ పల్లె. కాలువ నీళ్ళు వచ్చిన కొత్తలో మా తాత కోస్తా నుంచి వచ్చి ఇక్కడ వరి పొలం కొనుక్కున్నాడు. ఇంట్లో కోస్తా మాట, బజార్లో ఈ నేల మాట, బళ్ళో కన్నడం. అలా మూడింటి మధ్యా పెరిగాను. మా మేనత్తను కెంచనగుడ్డలో ఇచ్చారు. ఎండాకాలం సెలవులకు అక్కడికి పోతే పిల్లలందరం తుంగభద్ర ఒడ్డునే ఉండేవాళ్ళం.

నీటి అంచున ఉన్న తడి ఇసుక చూడ్డానికి గట్టిగా ఉంటుంది. దాని మీద నిలబడి, ఒకే చోట కాళ్ళు మార్చి మార్చి తొక్కుతూ ఉంటే కాసేపటికి అది జావలా అవుతుంది. నీళ్ళు పైకి ఉబుకుతాయి, పాదాలు చీలమండల దాకా దిగిపోతాయి. తొక్కడం ఆపితే మళ్ళీ మెల్లగా గట్టిపడుతుంది. మీరు పుస్తకాల్లో ద్రవీకరణ అని చదివేది ఇదే. వదులుగా ఉన్న ఇసుక, దాని నిండా నీళ్ళు, కింది నుంచి కుదుపు. ఈ మూడూ ఒకచోట కలిస్తే ఆ కాసేపూ నేల నేలగా ఉండదు. దాని మీద ఉన్న బరువైన ఇల్లు దిగబడుతుంది, లేదా ఒక పక్కకు ఒరుగుతుంది. కింద పాతిన నీళ్ళ తొట్టెలాంటి తేలికైన వస్తువు పైకి తేలుతుంది. పగుళ్ళలోంచి ఇసుకా నీళ్ళూ కలిసి చిమ్ముతాయి.

అలాంటి ఇసుక ఊరి కింద ఎక్కడెక్కడ ఉందో వెతికి, కాగితం మీద రంగులు వేసి చూపించడం ప్రభుత్వ శాఖలో నా ఉద్యోగం. బాగా ప్రమాదమైన చోట ఎరుపు, కొంత ప్రమాదమున్న చోట పసుపు, ఫరవాలేదనుకున్న చోట ఆకుపచ్చ. ఇంతే. ఇంతదానికి జీవితం అయిపోయింది.

సుత్తి

ఉత్తరాన, కొండల మధ్య లోయలో ఒక పట్నం. పేరు చెప్పను. అక్కడి మనుషులు తమ దుఃఖం నా చేత రాయించుకోవాలని నన్ను అడగలేదు. ఒకప్పుడు ఆ లోయలో ఏరు ఇష్టమొచ్చినట్టు దారి మార్చుకుంటూ పారింది. వదిలేసిన పాయలు ఇసుకతో పూడిపోయాయి. తర్వాత ఎప్పుడో వాటి మీద ఊరు పెరిగింది. పైనుంచి చూస్తే అంతా చదునే. ఏ వీధి కింద పాత పాయ ఉందో బోరు వేసి చూస్తేగాని తెలియదు.

బోర్లు వేసే మిషను నడిపేది వీరేశప్ప. దేశనూరు మనిషి, నాకంటే కొంచెం పెద్ద. మా శాఖలో చేరకముందు సిరుగుప్ప పల్లెల్లో నీళ్ళ బోర్లు వేసేవాడు. ఎక్కడ క్యాంపు పడినా మేమిద్దరం మా ఊరి మాటే మాట్లాడుకునేవాళ్ళం. ఆ చలిలో అదొక్కటే నాకు వెచ్చగా ఉండేది.

పని ఇలా ఉంటుంది. బోరు కొంత లోతు దిగాక, కడ్డీకి చివర గొట్టం తగిలించి దించుతాం. పైనుంచి బరువైన సుత్తి ఆ కడ్డీ మీద పడుతుంది. గొట్టం అడుగు లోతు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో రాసుకుంటాం. దెబ్బలు ఎక్కువ పడితే నేల గట్టిది. రెండు మూడు దెబ్బలకే సర్రున దిగిపోతే కింద ఉన్నది వదులు ఇసుక.

"మా ఊళ్ళో బోర్లో నీళ్ళు పడితే టెంకాయ కొడతారు మేడమ్," అన్నాడు వీరేశప్ప ఒకరోజు. "ఈడ నీళ్ళు పడితే మీ మొగం మాడిపోతాండాది. ఇదేం పనప్పా."

"నువ్వు పైకి తీసే ఇసుకను చూసి మాడిపోతోంది వీరేశప్పా."

"యాడ కొట్టినా ఇసకే ఉండాది. నన్నేం చేయమంటారు?"

ఈ పనిలో అన్నిటికంటే కష్టం బోరు వేయడం కాదు, వేయడానికి చోటు దొరకడం. ఊరి నడిబొడ్డున మిషను పెట్టుకోనిచ్చేవాళ్ళు ఉండరు. శబ్దం, బురద. దానికి మించి భయం. "మీరు ఇక్కడ తవ్వితే మా స్థలానికి చెడ్డపేరు పడిపోతుంది" అనేవాళ్ళు. ఒక్కో బోరుకు ఎన్ని గడపలు ఎక్కి దిగేదాన్నో. ఆఫీసు వాళ్ళ ఉత్తరం చూపిస్తే తలుపు ఇంకా త్వరగా మూసేవాళ్ళు. మీరు కాలేజీలో లెక్కలు నేర్చుకుని వస్తారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ వాకిట్లో నిలబడి మర్యాదగా బతిమాలడం మీకు ఎవరూ నేర్పరు. నేర్చుకోండి.

బజారు వీధిలో అందరూ కాదన్నాక ఒక బట్టల కొట్టతను రమ్మన్నాడు. ప్రకాశ్ చంద్ అతని పేరు. నలభై దాటిన మనిషి, సన్నగా, ఎప్పుడూ మెడలో కొలత టేపు. ఇద్దరు తమ్ముళ్ళూ అతనితోనే ఉండేవాళ్ళు. కొట్టు వెనక పెరట్లో మిషను పెట్టుకోమన్నాడు. పని జరిగినన్ని రోజులూ మాకు టీ పంపించాడు. కొనడానికి వచ్చినవాళ్ళు శబ్దానికి విసుక్కుంటే, "ప్రభుత్వం వాళ్ళు మన నేలకు నాడి చూస్తున్నారు" అని హిందీలో సర్దిచెప్పేవాడు.

పని ముగిశాక నన్ను అడిగాడు. "నాడి ఎలా ఉంది?"

అధికారికంగా చెప్పకూడదు. కానీ పెరడు ఇచ్చిన మనిషికి చెప్పకపోతే ఎలా. "బాగాలేదు," అన్నాను. "మీ కొట్టు కింద పాత ఏటి పాయ ఉంది. ఇప్పుడున్న ఇల్లు తేలిక కాబట్టి ఎలాగో నడుస్తుంది. దీని మీద ఇంకో అంతస్తు మాత్రం వేయకండి."

అతను పైకప్పు వైపు చూశాడు. "తమ్ముళ్ళకు పెళ్ళిళ్ళయ్యాయి మేడమ్. పైన వేసుకోవాలనే అనుకుంటున్నాం."

"వేరే చోట వేసుకోండి."

"బజార్లో వేరే చోటు ఎక్కడుంది," అని నవ్వాడు. అయినా నేను చెప్పింది విన్నాడు. నిజంగానే విన్నాడు.

వరండా

అదే పాయ బజారు దాటి, మలుపు తిరిగి, ప్రభుత్వ ఆసుపత్రి వెనక ఖాళీ స్థలం కిందికి పోయింది. అక్కడే కొత్త కాన్పుల వార్డు కట్టబోతున్నారు. మేము అక్కడ బోరు వేస్తుండగా హెడ్ నర్సు వచ్చింది. పేరు సుశీల. పొట్టి మనిషి, చాలా గట్టి గొంతు.

"ఏం చూస్తున్నారు?" అని అడిగింది.

చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, "దీనివల్ల వార్డు ఆగుతుందా?" అంది.

"ఆగకూడదు. కానీ ఉన్నదున్నట్టు కడితే ప్రమాదం."

ఆమె నా చెయ్యి పట్టుకుని పాత భవనంలోకి తీసుకుపోయింది. వరండా పొడుగునా మంచాలు, మంచాల మధ్య తెరలుగా కట్టిన చీరలు. ఒక తెర వెనక ఒకావిడ నొప్పులు పడుతోంది. తెర ముందు నుంచే మగవాళ్ళు మందుల చీటీలు పట్టుకుని పోతున్నారు. గాలికి చీర తొలగినప్పుడల్లా పక్కన కూర్చున్న ముసలామె దాన్ని పట్టుకుని దగ్గరికి లాగుతోంది.

"మీ మ్యాపులో ఈ వరండా ఏ రంగు?" అని అడిగింది సుశీల.

 ఆ భవనం కింద గట్టి నేల. ఆకుపచ్చ.

బయటికి వచ్చాక వీరేశప్ప నా మొహం చూశాడు. సుత్తి దింపి, "చాయ్ తాగుదాం రండి మేడమ్, జల్దీ ఏం లేదు," అన్నాడు.

మా సారు

మా పై అధికారి నాగభూషణం గారు. బళ్ళారి మనిషే. నాకు పని నేర్పింది ఆయనే. తడి మట్టిని వేళ్ళ మధ్య నలిపి, చెవి దగ్గర పెట్టుకుని, ఇసుక ఎంత, బంకమట్టి ఎంత అని చెప్పేవాడు. ప్రయోగశాల ఫలితం వచ్చాక చూస్తే ఆయన మాటకు దగ్గరగానే ఉండేది. లంచం తినే మనిషి కాదు, పిరికివాడూ కాదు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత చెప్పబోయేది విని మీరు ఆయన్ని సులువుగా తీసిపారేస్తారు. మీకూ అలాంటి పై అధికారులు వస్తారు. వాళ్ళు చెడ్డవాళ్ళయితే పని తేలికయ్యేది.

మ్యాపు ముసాయిదా పట్నంలో పెద్దలకు చూపించాం. బజారూ ఆసుపత్రి స్థలమూ కలిపి పాయ పొడుగునా ఎరుపు. హాలంతా గోల. బజారు ఎరుపైతే బ్యాంకులు అప్పులివ్వవు, అనుమతులు రావు, కొట్లు అమ్ముడుపోవు అన్నారు వ్యాపారులు. అబద్ధమేమీ కాదు. ఆసుపత్రి గురించి మాట్లాడినవాళ్ళు ఎవరూ లేరు. సుశీల వచ్చింది కానీ ఆమెకు మాట్లాడే వంతు రాలేదు.

అతిథి గృహానికి తిరిగి వచ్చాక సారు నన్ను కూర్చోమన్నాడు.

"చూడమ్మా. రెండూ ఎరుపంటే ఈ మ్యాపునే మూలకు పడేస్తారు. నా సర్వీసులో ఒకసారి అట్లే అయింది. ఊరంతా ఎర్రగ వేసి ఇస్తిమి. ఒక్కడూ తెరిసి చూడల్యా. ఆసుపత్రి ఎరుపు ఉండనీ. బజారు పసుపు చేస్తాం."

"అది ఒకే పాయ సార్. అదే ఇసుక, నీళ్ళూ అదే లోతులో ఉన్నాయి. ఆసుపత్రి దగ్గర కంటే బజార్లోనే సుత్తి ఇంకా తొందరగా దిగింది."

"నాకు తెలీదా? పసుపంటే ఏం లేదని కాదు గదా. చూసుకోని కట్టమనే గదా."

"పసుపు చూసి ఎవరూ చూసుకోరు సార్."

"చూసుకునేటోడు చూసుకుంటాడు."

నేను ఒప్పుకోలేదు. బోరు ఫలితాలన్నీ జతచేసి, రెండు చోట్లా ఎరుపే ఉండాలని రాసిచ్చాను. మరునాడు మళ్ళీ ఆయన గదికి పోయాను. మూడోసారి పోయినప్పుడు ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "సాకమ్మా. ఇంక దీని మీద మాట్లాడొద్దు," అన్నాడు. సాకు అంటే కన్నడంలో చాలు. ఆయన కోపంగా అనలేదు. చాలా అలిసిపోయినట్టు అన్నాడు. అచ్చయి వచ్చిన మ్యాపులో పాయ ఆసుపత్రి గోడ దాకా ఎర్రగా వచ్చి, అక్కడ తటాలున పసుపయింది. నేల లోపల ఇసుక గోడను చూసి ఆగదు. ఆ గీతను చూసినవాడెవడైనా ఇసుక సరిగ్గా గోడ దగ్గరే ఎలా ఆగిందని అడుగుతాడని కొంతకాలం ఎదురుచూశాను. ఎవరూ అడగలేదు.

ప్రకాశ్ చంద్ మాత్రం వచ్చాడు. మ్యాపు మడతపెట్టి చేత్తో పట్టుకుని మా క్యాంపు ఆఫీసుకు వచ్చాడు. "మేడమ్, మీరు బాగాలేదన్నారు. ప్రభుత్వం పసుపంటోంది. ఏది నమ్మను?"

"నేను చెప్పింది నమ్మండి," అన్నాను.

అతను కాసేపు ఆలోచించాడు. "మీరు రేపు వెళ్ళిపోతారు. బ్యాంకూ మునిసిపాలిటీ ఇక్కడే ఉంటాయి. తమ్ముళ్ళు ఈ మ్యాపు చూసి, చూశావా అంటున్నారు. నేను వాళ్ళకు ఏం చూపించను?"

బోరు ఫలితాల నకలు ఇచ్చాను. అలా ఇవ్వకూడదు, ఇచ్చాను. అతను ఆ అంకెలు తిప్పి చూసి, జేబులో పెట్టుకుని, నమస్కారం పెట్టి పోయాడు. అంకెల కంటే రంగు గట్టిగా మాట్లాడుతుంది. ఆ తర్వాతి ఏడాది ఆ వైపు పోయినప్పుడు కొట్టు మీద రెండు అంతస్తులు లేచి ఉన్నాయి. అతను నన్ను చూసి సిగ్గుపడ్డట్టు నవ్వి, టీ తెప్పించాడు. నేను తాగాను. 

ఎరుపులో కట్టిన వార్డు

ఎరుపు వేసిన చోట ఏమైందో చెబుతాను. నేను భయపడ్డట్టే మొదట వార్డు ఆగిపోయింది. మ్యాపు చూసిన అధికారులు ఎరుపంటే కట్టకూడదనుకున్నారు. ఎరుపంటే కట్టకూడదని కాదు, నేలను బాగుచేసి కట్టమని. ఆ మాట మేము నివేదికలో రాశాం. నివేదిక చదివేవాళ్ళు తక్కువ.

సుశీల ఫోన్ చేసింది. "మీరు నాకు గొయ్యి చూపించి వెళ్ళిపోయారు. నాకు కావలసింది కప్పు," అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. మళ్ళీ లోయకు పోయాను. భవనాలు కట్టే శాఖ ఇంజనీరు మంచివాడే, కానీ భయస్తుడు. "ఎరుపులో కట్టమని మీరు రాసిస్తారా మేడమ్?" అన్నాడు. రాసిస్తానన్నాను. స్థలమంతా దగ్గరదగ్గరగా బోర్లు వేసి, వాటిలో కంకర పోసి, గట్టిగా కుదించి నింపితే ఇసుక దగ్గరపడుతుంది, కుదుపులో నీళ్ళు కంకరలోంచి పైకి పోతాయి. పద్ధతి కొత్తదేం కాదు. మా శాఖ పని మ్యాపు వేయడం వరకే, ఇలాంటి సలహాలు ఇవ్వడం మా పనిలో లేదు. సంతకం కోసం నాగభూషణం గారి దగ్గరికి భయపడుతూ పోయాను. ఆయన కాగితం చదివి, ఒక్క మాట అడక్కుండా సంతకం పెట్టాడు. అదీ ఆయనే.

నేలను బాగుచేయడానికే సగం డబ్బు పోయింది. రెండంతస్తుల వార్డు ఒక అంతస్తయింది. సుశీల మంచాలు లెక్కపెట్టుకుని, "సగం వార్డు ఇచ్చారు," అంది. కృతజ్ఞత కోసం ఈ పనిలోకి రాకండి.

కంకర నింపడం అయ్యాక నేల ఎలా ఉందో చూడటానికి మళ్ళీ సుత్తితో కొట్టాలి. వీరేశప్పను పంపమని అడిగాను. అప్పటికి అతని రిటైర్మెంటు దగ్గరపడింది. దేశనూరులో వరి కోత నడుస్తోంది, రానని మొండికేశాడు. చివరికి వచ్చాడు. చలికి తలకు మఫ్లరు చుట్టుకుని, దారి పొడుగునా సణుగుతూ వచ్చాడు. సుత్తి పడుతుంటే నేను పక్కన నిలబడి దెబ్బలు రాసుకున్నాను. ఒకప్పుడు సర్రున దిగిపోయిన చోట గొట్టం మొరాయించింది.

"ఇప్పుడు గట్టిగ ఉండాది మేడమ్," అన్నాడు. "కొట్టి కొట్టి నా చేతులు పోతాండాయి. ఇంక నన్ను పిలవొద్దు."

నేను నవ్వాను. ఆ లోయలో నేను నవ్వింది గుర్తున్నది ఆ ఒక్కసారే.

ఫోను

నేను రిటైరై హచ్చొళ్ళి వచ్చేశాక కొన్నేళ్ళకు లోయలో భూమి కంపించింది. పొలంలో కలుపు తీయిస్తుంటే ఫోను మోగింది. సుశీల. ఆమె కూడా అప్పటికి రిటైరయింది. కానీ భూమి కదలగానే ఆసుపత్రికి పరిగెత్తి పోయిందట. మేము మాట్లాడుకుని చాలాకాలమైంది. బాగున్నారా అని కూడా అనలేదు.

"వార్డు నిలబడింది," అంది. "బయటి మెట్లు విడిపోయాయి, చుట్టూ ఇసుక బుడగలు బుడగలుగా వచ్చింది. లోపల గోడకు గీత కూడా పడలేదు. ఒక కాన్పు మధ్యలో ఉంది, అది కూడా అయిపోయింది. ఆడపిల్ల."

నేను గట్టు మీద కూర్చున్నాను. కూలీలు పని ఆపి నా వైపు చూశారు.

"బజారు?" అన్నాను.

 అవతల జనం అరుపులు వినిపిస్తున్నాయి. "బజారు ఒరిగిపోయింది," అంది. "కింది కొట్లు నేలలోకి దిగిపోయాయి. పై అంతస్తులు పగలకుండా అలాగే ఉన్నాయి, పక్కకు వాలి. అక్కడి వాళ్ళందర్నీ మన వార్డుకే తెస్తున్నారు."

"ప్రకాశ్ చంద్?"

"కొట్లో ఉన్నాడట. పైన ఉన్న తమ్ముళ్ళూ వాళ్ళ పిల్లలూ కిటికీలోంచి దిగి బయటపడ్డారు. అతన్ని ఇంకా తీయలేదు."

రెండో రోజు తీశారు. ఆ మాట కూడా సుశీలే చెప్పింది. అతని మెడలో టేపు అలాగే ఉందని కూడా చెప్పింది. అది నాకు ఎందుకు చెప్పిందో తెలియదు. అన్నీ చూసిన మనిషికి ఎవరో ఒకరికి చెప్పుకోవాలని ఉంటుంది.

దేశనూరు, బళ్ళారి

ముందు వీరేశప్ప దగ్గరికి పోయాను. సుత్తి చప్పుడుకు అతని చెవులు దాదాపు పోయాయి. గట్టిగా మాట్లాడాలి. గట్టిగా చెప్పే సంగతి కాదు అది. ఇంటి ముందు అరుగు మీద అతని పక్కన కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. వార్డు నిలబడిందనగానే తలాడించాడు. బజారు సంగతి విన్నాక నా వైపు తిరిగాడు.

"చాయ్ పంపిస్తాండె గదా, ఆ బట్టలంగడాయప్ప?"

"ఆయనే."

"మంచోడు," అన్నాడు. తర్వాత, "ఆడ గూడ మనం కొట్టినాం గదా మేడమ్. సుత్తి సుమ్మనే, ఊరికెనే దిగిపాయె. నాకు బాగ జ్ఞాపకం ఉండాది."

"కొట్టాం."

"మరి చెప్పినాం గదా?"

"చెప్పాం," అన్నాను. అతనికి వినబడలేదు. మళ్ళీ గట్టిగా చెప్పాల్సొచ్చింది. లోపలి నుంచి అతని కోడలు ఏమైందోనని బయటికి వచ్చి చూసింది.

నాగభూషణం గారి దగ్గరికి పోవాలా వద్దా అని కొన్ని రోజులు ఊగిసలాడాను. ఆయన బళ్ళారిలోనే కొడుకు దగ్గర ఉంటున్నాడు. వయసు మీద పడింది, మనిషి మంచంలోనే. పోకపోతే తప్పించుకున్నట్టు ఉంటుందనిపించి పోయాను. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయాడు. ఎదుట టీవీ ఉంది, నేను పోయేసరికి ఆపి ఉంది. పక్కన బల్ల మీద నాలుగు రోజుల పేపర్లు, అన్నీ లోయ వార్త ఉన్న పేజీ దగ్గర మడిచి ఉన్నాయి.

కోడలు కాఫీ ఇచ్చి పోయింది. ఆరోగ్యం గురించి మాట్లాడుకున్నాం. వాన గురించి, కాలువ నీళ్ళ గురించి మాట్లాడుకున్నాం. 

"వార్డు నిలబడింది సార్," అన్నాను. "మీరు సంతకం పెట్టినది."

ఆయన చెయ్యెత్తి ఆపమన్నట్టు ఊపాడు. ఆ మంచి మాట అందుకోవడం ఆయనకు ఇష్టం లేదు. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఆ పొద్దు నువ్వు ఇంకా కొంచెం గట్టిగ అరిచింటే బాగుండునమ్మా," అన్నాడు.

నేను రాసిచ్చాను, ఆయన గదికి మూడుసార్లు పోయాను, మాట్లాడొద్దని ఆయనే అన్నాడు. ఇవన్నీ నోటి దాకా వచ్చాయి. ఆయన వైపు చూస్తే ఆ మాటతో నన్ను కొట్టాలనుకున్నట్టు లేదు. ఆయన ఎవర్నీ తప్పుపట్టడం లేదు. ఆ గదిలోకి మళ్ళీ పోయి, ఈసారి వినాలని కోరుకుంటున్నాడు.

"అరిచాను సార్," అన్నాను మెల్లగా.

"అరిచినావు. అరిచినావు తల్లీ. నేను ఆగే అంత అరవలేదు."

కాఫీ తాగి లేచాను. సిరుగుప్ప బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఆ మాటకు జవాబు వెతుక్కున్నాను. 

ఆయన అన్నది అన్యాయం. ఎవరిని అడిగినా అదే అంటారు. అయినా ఈ పనిలోకి వచ్చే మీకు చెప్పడానికి, ఇన్నేళ్ళ ఉద్యోగం తర్వాత, ఆయన అన్న ఆ మాట కంటే పనికొచ్చేది నా దగ్గర ఇంకేదీ లేదు.